చూడని చిన్నతనం మీద బెంగ

ఆ ఆల్బమ్ అట్ట మీద ఒక కుటుంబం ఫొటో ఉంటుంది. కొండల ఊరికి విహారానికి వెళ్ళినవాళ్ళు నిలబడి దిగినది. రంగు వెలిసి ఫొటో అంతా నీలిపచ్చకి తిరిగింది. కాసేపు చూశాక గానీ అసలు సంగతి కంటికి ఆనదు: వాళ్ళలో ఒక్కరికీ ముఖం లేదు. కళ్ళూ ముక్కూ ఉండాల్సిన చోట నున్నగా తుడిచిపెట్టేసి ఉంది.

'మ్యూజిక్ హాజ్ ది రైట్ టు చిల్డ్రన్' అనే ఆ ఆల్బమ్ 1998 ఏప్రిల్‌లో వచ్చింది. చేసింది బోర్డ్స్ ఆఫ్ కెనడా అనే పేరుతో పనిచేసే ఇద్దరు స్కాట్లండ్ వాళ్ళు, మైక్ శాండిసన్, మార్కస్ ఇయోన్. పాట అంటూ పాడేవాళ్ళు లేరు. సింథసైజర్లు, బరువుగా నడిచే దరువు, మధ్యమధ్య ఎవరో పిల్లల మాటలు, నవ్వులు. నిమిషం దాటి కాస్త సాగే చిన్న ముక్కలు కొన్ని, ఐదారు నిమిషాలు నడిచే పెద్దవి కొన్ని. వర్ణించడానికి ఇంతకన్నా ఏం లేదు. ఎలా ఉందని విన్నవాళ్ళని అడిగితే మాత్రం సంగీతం గురించి చెప్పేవాళ్ళు తక్కువ. తమ చిన్నతనం గురించి చెప్తారు. బడి మూసేశాక ఖాళీ గ్రౌండు, నాన్న తీసిన వీడియో, జ్వరమొచ్చి మంచం మీద పడుకున్న మధ్యాహ్నం, ఇలాంటివి. ఇంకొందరు అదే ఆల్బమ్ గురించి, రాత్రిపూట ఒంటరిగా వినలేమంటారు. చిత్రమేమిటంటే, ఆ సంగీతం గుర్తుచేసే 1970ల నాటికి పుట్టనివాళ్ళూ, ఆ దేశాల గడప తొక్కనివాళ్ళూ కూడా ఇవే మాటలు చెప్తారు.

నేనూ ఆ జాబితాలో వాణ్ణే. హాస్టల్లో ఓ స్నేహితుడి కంప్యూటర్‌లో మొదటిసారి విన్నప్పుడు రెండో ముక్కకే నాకొక దృశ్యం కట్టింది. వేసవి సెలవులు, తెనాలిలో పెద్దమ్మ వాళ్ళిల్లు, మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నిద్రపోతుంటే టీవీలో ఏదో ఇంగ్లీషు పాఠం. మట్టిలోంచి మొక్క మొలుస్తుంది, చకచకా ఎదుగుతుంది. తెరంతా నారింజ రంగు. వెనక ఇదే సంగీతం. ఇలాంటిది కూడా కాదు, ఇదే. ఎంత స్పష్టంగా గుర్తొచ్చిందంటే, ఆ స్నేహితుడితో పందెం కాయబోయాను. ఆల్బమ్ వచ్చిన సంవత్సరం చూపించి వాడు నా నోరు మూయించాడు.

అప్పట్నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. లేని జ్ఞాపకాన్ని ఒక సంగీతం ఎలా తెప్పించగలదు?

నాస్టాల్జియా అనే మాటకి పత్రికల్లో 'గతకాలపు మధురస్మృతులు' అని రాస్తుంటారు. ఆ అనువాదం నాకు నచ్చదు. ఆ మాట పుట్టుకలో మాధుర్యం ఏమీ లేదు. 1688లో యోహన్నెస్ హోఫర్ అనే స్విట్జర్లండ్ వైద్య విద్యార్థి బాసెల్ నగరంలో తన సిద్ధాంత వ్యాసం కోసం దాన్ని తయారుచేశాడు. ఇంటికి తిరిగి రావడం, నొప్పి, ఈ రెండు గ్రీకు మాటల్ని అతికాడు. అతని దృష్టిలో అది రోగం. బెర్న్ నుంచి చదువుకోడానికి బాసెల్ వచ్చిన ఒక కుర్రాడు చిక్కి శల్యమై, ఇంటికి పంపించేస్తున్నారని తెలిశాక దారిలోనే కోలుకున్నాడని రాశాడు. మన ఇళ్ళల్లో దీనికి పేరు ఎప్పట్నుంచో ఉంది. హాస్టల్లో వేసిన పిల్లాడికి ఒళ్ళు కాలిపోతుంటే వార్డెన్ మందులిస్తాడు, అమ్మమ్మ మాత్రం 'బెంగ పెట్టుకున్నాడే' అంటుంది. హోఫర్ చెప్పింది అక్షరాలా బెంగ గురించే.

తర్వాతి కథ సంగీతానిది. పరాయి దేశాల సైన్యాల్లో కూలికి పోరాడే స్విస్ సిపాయిల ముందు వాళ్ళ ఊరి పశులకాపరుల బాణీ వాయించకూడదని కఠినమైన నిషేధం ఉండేదని రూసో 1768లో తన సంగీత నిఘంటువులో రాశాడు. అది వింటే ఏడ్చేవారట, పారిపోయేవారట, కొందరు ప్రాణాలే వదిలేవారట. అందులో ఎంత నిజమో పక్కన పెడదాం. ఆ వెంటనే రూసో వేసిన ప్రశ్న ముఖ్యం: మరి ఆ బాణీలో అంత శక్తి ఉంటే, స్విట్జర్లండ్ వాడు కాని మనిషి మీద ఎందుకు పనిచెయ్యదు? అతని జవాబు, అక్కడ సంగీతం సంగీతంగా పనిచెయ్యడం లేదని. అది జ్ఞాపకానికి గుర్తుగా పనిచేస్తోంది. గుడి గంట వినబడగానే పక్క వీధిలో గుడి ఉందని తెలిసినట్టు.

ఇప్పుడు మన ఆల్బమ్ దగ్గరికి వస్తే రూసో లెక్క తిరగబడుతుంది. అతని సిద్ధాంతం ప్రకారం ఈ సంగీతం పరాయివాడి మీద పనిచెయ్యకూడదు. ఇది పరాయివాళ్ళ మీదే ఎక్కువ పనిచేస్తోంది.

ఎలాగో తెలియాలంటే ముందు ఆ ధ్వని ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. మైక్, మార్కస్ అన్నదమ్ములు. ఆ సంగతి కూడా చాలా ఏళ్ళు దాచి 2005లో బయటపెట్టారు. 1970ల చివర వాళ్ళ కుటుంబం కొంతకాలం కెనడాలోని కాల్గరీలో ఉంది. అక్కడ టీవీలో వాళ్ళు చూసినవి నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా తీసిన డాక్యుమెంటరీలు, బొమ్మల సినిమాలు. పేరు అక్కణ్ణుంచే తీసుకున్నారు. ఆ బోర్డు 1939లో పుట్టింది. దాని మొదటి అధిపతి జాన్ గ్రియర్సన్, ఆయనదీ స్కాట్లండే. అక్కడ చేరి ఫిల్మ్ అంచు మీద చేత్తో గీతలు గీసి శబ్దం పుట్టించిన నార్మన్ మెక్‌లారెన్‌దీ స్కాట్లండే. స్కాట్లండ్ వాళ్ళు కెనడా వెళ్ళి నేర్పిన సినిమాని ఇద్దరు స్కాట్లండ్ పిల్లలు చూసి, ఇంటికి తెచ్చుకుని, పెద్దయ్యాక సంగీతంగా మార్చారన్నమాట.

ఆ సినిమాల నేపథ్య సంగీతానికి ఒక స్వభావం ఉంది. పెద్ద వాద్యబృందాన్ని పెట్టుకునే డబ్బు లేక ఒకరిద్దరు సింథసైజర్‌తో కానిచ్చేసినవి ఎన్నో. నాటి అనలాగ్ సింథసైజర్ గది వేడెక్కితే శ్రుతి జారేది. దాన్ని టేపు మీద రికార్డు చేస్తే టేపు తన వంతు జారుడు కలిపేది. ఆ ఫిల్మును ప్రతి బడిలోనూ ప్రొజెక్టర్ మీద అరిగేదాకా తిప్పేవారు. ఇన్ని చేతులు మారి పిల్లాడి చెవిన పడేటప్పటికి ఆ స్వరం నిలకడగా ఉండదు, కాస్త నీళ్ళలో కదిలినట్టుంటుంది.

టేప్ రికార్డర్ వాడినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. బ్యాటరీలు అయిపోతుంటే ఘంటసాల గొంతు బరువెక్కి సాగేది, 'టేపు లాగేస్తోంది, ఆపు' అని ఎవరో అరిచేవారు. లెక్క ప్రకారం క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదలాలి. ఆ వేగం దాదాపు 6 శాతం తగ్గితే పాట మొత్తం ఒక స్వరస్థానం కిందికి దిగిపోతుంది. ఒక్క శాతం తగ్గితే అందులో ఆరో వంతు. అంత చిన్న తేడాని తప్పుశ్రుతి అని ఎవరూ పట్టుకోరు, ఏదో తేడాగా ఉందని మాత్రం చెవికి తెలుస్తుంది. దానికితోడు పాత టేపు మీద ముందుగా పోయేవి పైస్థాయి శబ్దాలు. తాళాల గలగల, సకారాల పదును సన్నగిల్లుతాయి. మిగిలేది పక్కగదిలోంచి వినబడుతున్నట్టుండే మెత్తటి మధ్యస్థాయి.

బోర్డ్స్ ఆఫ్ కెనడా చేసిన పని ఈ అరుగుదలని కావాలని తయారుచెయ్యడం. అప్పుడే వాయించిన రాగాన్ని ఇరవై ఏళ్ళు అటకమీద పడున్నట్టు వినిపించడం. రాగాలు కూడా అలాంటివే ఎంచుకున్నారు: చిన్నవి, తిరిగి తిరిగి అక్కడికే వచ్చేవి, సంతోషమో దిగులో తేల్చుకోనివ్వనివి. గమకాలకి అలవాటుపడిన మన చెవికి ఇక్కడొక చిన్న తమాషా ఉంది. గమకంలో స్వరం ఊగితే దాని వెనక పాడే మనిషి ఉద్దేశం ఉంటుంది. ఇక్కడ ఊగేది స్వరం కాదు, దాన్ని మోస్తున్న బండి. వాయించినవాడు ఎప్పుడో లేచి వెళ్ళిపోయినట్టు ఉంటుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ ఆల్బమ్ జ్ఞాపకాన్ని ఇవ్వదు, జ్ఞాపకానికి పట్టే తుప్పుని ఇస్తుంది. అట్ట మీది ఫొటోలో ముఖాలు తుడిచేసినట్టే, సంగీతంలోనూ ఎవరిదీ, ఎప్పటిదీ అన్న ఆనవాళ్ళు చెరిపేసి వెలిసిన రంగుని మాత్రం ఉంచారు. రూసో చెప్పిన గుర్తు ఉంది, అది గుర్తుచేయాల్సిన ఊరు లేదు. ఖాళీ దొరికితే మనసు ఊరుకోదుగా. వినేవాడు తన ఊరిని తెచ్చి అక్కడ పెట్టుకుంటాడు. అందుకే శ్రోతల స్పందనలు చదివితే ఆల్బమ్ గురించి తెలిసేదానికన్నా శ్రోతల గురించి ఎక్కువ తెలుస్తుంది.

దీనికి సాక్ష్యం అదే జాతి సంగీతంలో ఇంకోచోట దొరుకుతుంది. విలియం బసిన్స్కీ అనే న్యూయార్క్ సంగీతకారుడు 1980ల నాటి తన టేపు ముక్కల్ని 2001లో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే, తిరిగిన ప్రతిసారీ టేపు మీది పూత రాలిపోసాగింది. రాగం కళ్ళముందే చచ్చిపోతుంటే ఆయన ఆపకుండా రికార్డు చేశాడు. ఆ సెప్టెంబరు 11న బ్రూక్లిన్‌లో తన ఇంటి డాబా మీద నుంచి కూలిన గోపురాల పొగ చూస్తూ స్నేహితులతో కలిసి దాన్ని విన్నాడు. ఆ సాయంత్రం తీసిన దృశ్యాలే ఆల్బమ్ అట్టలయ్యాయి. అప్పట్నుంచి ఆ సంగీతం విన్న ప్రతివాడికీ అది న్యూయార్క్ కోసం పెట్టిన శోకంలాగే వినిపిస్తుంది. టేపుకి గోపురాల సంగతేం తెలుసు?

సరే, వెచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుందో కొంత తెలిసింది. భయం మాటేమిటి?

బోర్డ్స్ ఆఫ్ కెనడా ఆల్బమ్‌లోనే 'ఆక్వేరియస్' అనే ముక్క తీసుకోండి. హుషారైన దరువు, వెనక పిల్లల నవ్వు, మళ్ళీ మళ్ళీ 'ఆరెంజ్' అనే మాట. టీవీ బాలల కార్యక్రమంలోంచి కత్తిరించి పెట్టినది. కాసేపటికి అంకెలు లెక్కపెట్టడం మొదలవుతుంది. ఒకటి, రెండు, మూడు అంటూ బుద్ధిగా బయల్దేరిన లెక్క పోనుపోను వరస తప్పుతుంది. ఎవరూ కేకలు పెట్టరు, సంగీతం మారదు, అంకెలు మాత్రం అస్తవ్యస్తమైపోతాయి. పాఠం చెప్పే గొంతు మీద పిల్లలకి ఉండే నమ్మకాన్ని నొప్పి తెలియకుండా లాగేస్తుంది. 'ది కలర్ ఆఫ్ ది ఫైర్'లో ఒక పసిగొంతు 'ఐ లవ్ యూ' అని కూడబలుక్కుంటూ చెప్తుంది. ప్రతి మాటా బావిలోంచి వచ్చినట్టు మోగుతుంది. కొంతమందికి అది కంటనీరు తెప్పిస్తుంది, కొంతమందికి వెన్నులో చలి పుట్టిస్తుంది. రెండూ సరైన స్పందనలే అనుకుంటాను. ఎక్కడున్నాడో, ఎంత పెద్దవాడయ్యాడో తెలియని పిల్లాడి గొంతు వింటే ముద్దొస్తుంది, ఆ వెంటనే వీడిప్పుడు లేడు అనీ తోస్తుంది. చనిపోయినవాళ్ళ గొంతున్న క్యాసెట్టు ఇంట్లో ఉంటే దాన్ని పారెయ్యలేం, పెట్టి వినలేం. ఆ రెండు 'లేం'ల మధ్య నడిచే సంగీతం ఇది.

మనవాళ్ళకి దగ్గరగా ఉండేది 'రాయ్‌జీబివ్' అనే ముక్క. రెండున్నర నిమిషాలే. ఆ పేరు చూసి నేను చాలా రోజులు ఏదో ఊరి పేరనుకున్నాను. ఇంద్రధనుస్సు రంగుల మొదటి అక్షరాలు. మనం బడిలో విబ్జియార్ అని వల్లెవేసినదాన్నే వాళ్ళు అవతలి చివర నుంచి వల్లెవేస్తారు.

బళ్ళో వల్లెవేసిన మాట సంగీతం పేరు కావడం వట్టి చిలిపితనం కాదు. ఆ తరంలో పిల్లలకి సినిమాల ద్వారా, టీవీ ద్వారా చదువు చెప్పాలని ప్రభుత్వాలు గట్టిగా నమ్మిన కాలం ఒకటి నడిచింది. కెనడాలో ఫిల్మ్ బోర్డు ఉంటే మనకి 1948 నుంచి ఫిల్మ్స్ డివిజన్ ఉండేది. సినిమాకి ముందు వేసే ఆ న్యూస్ రీలు నడిచేంతసేపూ జనం బఠాణీలు కొనుక్కోవడం వేరే విషయం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని వాడుకుని ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి పాఠాలు ప్రసారం చేశారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1984 ఆగస్టు 15న యూజీసీ వాళ్ళ కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ దూరదర్శన్‌లో మొదలైంది. కాలేజీ కుర్రాళ్ళ కోసం పెట్టిన ఆ పాఠాల్ని మధ్యాహ్నం పూట వేరే ఏం రాదు కాబట్టి ఇళ్ళల్లో ఉన్న పిల్లలూ అమ్మమ్మలూ చూసేవారు. కణం రెండుగా చీలుతుంది, గ్రహం తిరుగుతుంది, వెనక ఏదో ఎలక్ట్రానిక్ శబ్దం సాగుతుంటుంది. అర్థమయ్యేది తక్కువ. అందుకే మనసులో ఎక్కువ నిలిచింది.

అంటే కాల్గరీ పిల్లాడూ తెనాలి పిల్లాడూ చూసినవి వేర్వేరు సినిమాలైనా, వాటి వెనకున్న గొంతు ఒకటే. నిదానంగా, కొంచెం పైనుంచి, నీ మంచికే చెప్తున్నా అన్నట్టు మాట్లాడే సర్కారు గొంతు. రేపు బాగుంటుందని ఆ గొంతు హామీ ఇచ్చేది. ఇంగ్లండు విమర్శకులు సైమన్ రేనాల్డ్స్, మార్క్ ఫిషర్ 2000ల మధ్యలో ఇలాంటి సంగీతాన్నంతా కలిపి 'హాంటాలజీ' అన్నారు. ఆ మాట ఫ్రెంచి తత్త్వవేత్త డెరిడా 1993లో మార్క్స్ మీద రాసిన పుస్తకంలోది. ఇంగ్లీషు హాంటాలజీ కన్నా మన 'ఆవహించడం' దానికి బాగా సరిపోతుంది. ఫిషర్ వాదన క్లుప్తంగా ఇది: మనల్ని ఆవహించేది గతం కన్నా, ఆ గతం మాటిచ్చి తీసుకురాని భవిష్యత్తు. పాత విద్యా చిత్రాల సంగీతం వింటే కలిగే దిగులు ఆ రాని రేపటి మీద బెంగ.

వాదన అందంగా ఉంది, సగం ఒప్పుకుంటాను. మిగతా సగం దగ్గర నాకో అడ్డు తగులుతుంది. ఆ ఆల్బమ్‌లో ఒక ముక్క పేరు 'పీట్ స్టాండింగ్ అలోన్'. వినగానే ఒంటరిగా నిలబడ్డ ఎవరో పీటర్ అనిపిస్తుంది. అది నిజమైన మనిషి పేరు. కెనడాలోని అల్బెర్టా రాష్ట్రంలో ఉండే కైనాయి అనే ఆదివాసీ జాతివాడు, 1960 ప్రాంతంలో ఫిల్మ్ బోర్డు తీసిన 'సర్కిల్ ఆఫ్ ది సన్' డాక్యుమెంటరీలో కనబడినవాడు. తన జాతి ఆచారాలకీ, చమురు బావుల దగ్గర చేసే కూలి పనికీ మధ్య నలిగే యువకుడి కథ అది. ఇంకో ముక్క పేరు 'కైనీ ఇండస్ట్రీస్', అందులోనూ ఆ జాతి పేరే ధ్వనిస్తుంది. మనం వెచ్చగా తలుచుకుంటున్న ఆ సర్కారు గొంతు వాళ్ళకి కూడా అంత వెచ్చగా వినిపించి ఉంటుందా? మన 1975 పాఠాల సంగతీ అంతే, అది ఎమర్జెన్సీ మొదలైన రెండో నెల. శ్రోతల మాటల్లో ఈ ప్రస్తావన దాదాపు కనబడదు. తప్పు పట్టడం లేదు. ముఖాలు తుడిచేసిన ఫొటోలో ఎవరి ముఖాలు పోయాయో అడగడం కష్టం.

ఇంకా తెగని ముడి ఒకటుంది. టేపు ముఖం చూడని ఇరవయ్యేళ్ళ పిల్లలకి ఇది ఎలా తగులుతోంది?

దీని మీద కొంత పరిశోధన ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రంహన్సల్, జస్టిన్ జుప్నిక్‌తో కలిసి, కాలేజీ విద్యార్థులకి 1955 నుంచి 2009 దాకా వచ్చిన హిట్ పాటలు వినిపించి, వాటితో ముడిపడ్డ జ్ఞాపకాలు అడిగింది. ఫలితాలు 2013లో వచ్చాయి. తమ యవ్వనం నాటి పాటలకి స్పందించడం మామూలే. వాళ్ళ అమ్మానాన్నల యవ్వనం నాటి పాటల దగ్గర కూడా స్పందన ఎగిసింది. ఇంట్లో ఆ పాటలు మోగుతుంటే పెరిగారు కదా. మన ఇళ్ళల్లో ఇది వింతేమీ కాదు. వంటింట్లో అమ్మ కూనిరాగం తీసిన పాట పిల్లలకి సొంత జ్ఞాపకమైపోతుంది, ఆ సినిమా చూడకపోయినా.

కానీ ఇది పాటలకి చెల్లుతుంది, టేపు జారుడుకి పూర్తిగా చెల్లదు. అది నేర్చుకున్న భాష అని నా అనుమానం. సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ అనగానే నలుపు తెలుపు చూపిస్తే, పూర్వం మనుషులు నలుపు తెలుపుల్లోనే బతికారేమోనని నా చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అలాగే ఈ తరం ఫోనులో ఫొటోకి వెలిసిన రంగు పూస్తుంది, వీడియోకి గీతలు తగిలిస్తుంది. ఇళయరాజా పాటని నెమ్మదింపజేసి, గుహలో మోగినట్టు చేసి 'స్లోడ్ అండ్ రివర్బ్' అని పెడుతుంది. చాలామంది పెద్దలకి ఇది పాటని ఖూనీ చెయ్యడంలా ఉంటుంది. ఆ పిల్లలు చేస్తున్న పని నాకు అర్థమవుతుంది. ఆ పాట వాళ్ళకి చేతికందేంత దగ్గరలో, మెరుగులు దిద్దిన రూపంలో దొరుకుతోంది. దూరంగా ఉంటేనే అది పాతదవుతుంది. వాళ్ళు దానికి దూరాన్ని కలుపుతున్నారు. శాండిసన్ సోదరులు చేసిందీ ఇదే, కాకపోతే వాళ్ళు సొంత రాగానికి చేశారు.

నేర్చుకున్న భాష అన్నంత మాత్రాన ఏడుపు దొంగేడుపు కాదు. 2020లో టిక్‌టాక్ పిల్లల మధ్య ఒక వింత పందెం నడిచింది. ది కేర్‌టేకర్ పేరుతో లేలండ్ కర్బీ చేసిన 'ఎవ్రీవేర్ అట్ ది ఎండ్ ఆఫ్ టైమ్' మొత్తం ఒక్క బిగిన వినాలి. 2016 నుంచి 2019 దాకా ఆరు భాగాలుగా వచ్చింది, ఆరున్నర గంటలు. పాత నృత్యశాలల రికార్డులు మొదట గరగరమంటూ, పోనుపోను చిందరవందరై, చివరికి వట్టి హోరుగా మిగులుతాయి. మతిమరుపు వ్యాధి దశలకి అది అద్దమని కర్బీ ముందే చెప్పాడు. పందేనికి కూర్చున్న పిల్లలు నానమ్మల గురించి, తాతల గురించి రాసుకుని లేచారు. అక్కడ గుర్తు మీద పేరు రాసి ఉంది, అందుకని అందరూ ఒకే వైపు వెళ్ళారు. బోర్డ్స్ ఆఫ్ కెనడా గుర్తు మీద పేరు లేదు, ఎవరి దారి వాళ్ళది.

పేరు లేని చోట పేరు వెతికేవాళ్ళు కూడా తయారవుతారు. వీళ్ళ శ్రోతల్లో అదొక పెద్ద శాఖ. 2002లో వచ్చిన వీళ్ళ ఇంకో ఆల్బమ్ 'జియోగాడి' నిడివి సరిగ్గా 66 నిమిషాల 6 సెకన్లు. చివరి ముక్క వట్టి నిశ్శబ్దం, ఆ లెక్క కుదరడానికి పెట్టినట్టుంటుంది. క్రైస్తవంలో 666 సైతాను అంకె. ఇక చూస్కోండి, వెనక్కి తిప్పి వినేవాళ్ళు, శబ్దాన్ని బొమ్మగా మార్చి చూసేవాళ్ళు, లెక్కలు కట్టేవాళ్ళు. 2013లో అన్నదమ్ములే ఈ పిచ్చికి మేత వేశారు. ఏప్రిల్ 20న న్యూయార్క్‌లోని ఒక రికార్డుల షాపులో ఎవరికో ఒక డిస్కు దొరికింది, అందులో ఆరంకెల సంఖ్య చదివే గొంతు. అలాంటివి ఆరు, రేడియోలోనూ టీవీలోనూ చెల్లాచెదురుగా. అన్నీ ఏరి వరసలో పెడితే 'టుమారోస్ హార్వెస్ట్' అనే కొత్త ఆల్బమ్ వస్తోందన్న కబురు. ఇన్ని రోజుల వేట ఒక అమ్మకం ప్రకటన దగ్గర తేలినందుకు నాకు కాస్త నవ్వొచ్చింది. వేటాడినవాళ్ళ ఆనందం మాత్రం నిజమైనదే. ముఖాలు లేని ఫొటో చూసి ఒకడు తన అమ్మ ముఖం పెట్టుకుంటే, ఇంకొకడు భూతద్దం తీసుకుని ఎవరు తుడిచారో పట్టుకుంటానంటాడు. ఇద్దరికీ ఖాళీ కావాలి.

నేను భూతద్దం వాణ్ణి కాదనుకునేవాణ్ణి. కానీ ఈ వ్యాసం మొదలుపెట్టాక నా మొక్క జ్ఞాపకం సంగతి తేల్చుకోవాలనిపించింది. సంగీతం అదే కాకపోయినా ఆ మధ్యాహ్నం నిజం కదా, ఆ పాఠం నిజం కదా, తెరంతా పరుచుకున్న ఆ నారింజ రంగు నిజం కదా. మా అక్కకి ఫోన్ చేశాను. నాకన్నా ఆరేళ్ళు పెద్దది, ఆ సెలవులన్నీ నాతోనే ఉంది.

అంతా విని, 'మొక్క పాఠం వచ్చే ఉంటుందిలే, రోజూ అవే కదా వేసేవాళ్ళు,' అంది. 'ఆరెంజ్ రంగేమిట్రా? పెద్దమ్మ వాళ్ళది బ్లాక్ అండ్ వైట్ టీవీ. కళ్ళకి చలవని పెదనాన్న దాని ముందు ఓ ప్లాస్టిక్ అద్దం తగిలించాడు, మర్చిపోయావా? అందులో ఏం చూసినా నీలంగానే కనబడేది.'